5-హెచ్‌టీ3 గ్రాహకం: కీమో మొదటి రోజు రాని వాంతులు మూడో రోజు ఎందుకు వచ్చాయి?

కృష్ణవేణి తీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మకు గత నెలలో సిస్‌ప్లాటిన్‌తో కీమో మొదలైంది. ఆ మందు ఎక్కించడానికి అరగంట ముందు, వాంతులు రాకుండా ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కీమో అంటే వాంతులేనని చుట్టుపక్కలవాళ్లు చెప్పిన మాటలకు బెదిరిపోయి ఆ రోజంతా అమ్మ మంచం దగ్గరే కూర్చున్నాను గానీ, ఆమె ఒక్కసారి కూడా ఓకరించలేదు. రాత్రి పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ అడిగి మరీ వేయించుకుని తిన్నది. గండం గడిచిందనుకున్నాం.

మూడో రోజు తెల్లవారుజామున వాంతులు మొదలయ్యాయి. స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, గుక్కెడు మంచినీళ్లు తాగినా నిలవలేదు. ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన ఒండాన్‌సెట్రాన్ మాత్రలను నేను వేళ తప్పకుండా వేస్తూనే ఉన్నాను. ఆసుపత్రికి ఫోను చేస్తే అదే మాత్ర ఇంకొకటి వేయమన్నారు తప్ప, మొదటి రోజు అంత బాగా పనిచేసిన మందు మూడో రోజు ఎందుకు చేతులెత్తేసిందో ఎవరూ చెప్పలేదు.

మాత్రల అట్టతోపాటు వచ్చిన కాగితంలో ఇది ‘సెరోటోనిన్ 5-హెచ్‌టీ3 గ్రాహకాన్ని అడ్డుకునే మందు’ అని ఉంది. సెరోటోనిన్ మనసును ఉల్లాసంగా ఉంచే పదార్థమని పత్రికల్లో చదివాను. ఉల్లాసానికీ వాంతికీ ఉన్న చుట్టరికమేమిటి? నేను చదివింది కామర్సు. కాస్త వివరంగా చెప్పగలిగినవారు చెప్తే కృతజ్ఞుణ్ణి.

నాడీమండలం

అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నేను వైద్య విద్యార్థులకు ఔషధ శాస్త్రం చెప్తాను. మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. సెరోటోనిన్ సంగతి నేను చెప్తాను. మూడో రోజు సంగతి కీమో వార్డులో పనిచేసేవారు చెప్తే బాగుంటుంది.

సెరోటోనిన్‌ను ‘ఆనంద రసాయనం’ అని పిలవడంలోనే తికమక మొదలవుతుంది. మన ఒంట్లో ఉన్న సెరోటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. పేగు లోపలి పొరలో అక్కడక్కడ విసిరేసినట్టుండే ఎంటరోక్రోమాఫిన్ కణాలు దాన్ని తయారుచేసి దాచుకుంటాయి. చరిత్రలో కూడా అది మెదడు నుంచి రాలేదు. 1930లలో ఇటలీలో ఎర్‌స్పమేర్ అనే శాస్త్రవేత్త పేగు గోడలో కండరాన్ని బిగింపజేసే పదార్థాన్ని గుర్తించి ఎంటరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ర్యాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తం గడ్డకట్టాక మిగిలే సీరంలో రక్తనాళాలను కుంచింపజేసే పదార్థాన్ని వేరుచేసి దానికి సెరోటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. పేరులోని ‘సెరో’ సీరం నుంచి, ‘టోనిన్’ బిగువు అనే అర్థమున్న మాట నుంచి వచ్చాయి. ఉల్లాసం ఆ పేరులో ఎక్కడా లేదు.

ఇక గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు: కణం మీద ఉండి కబురు అందుకునే ప్రోటీన్లు. 5-హెచ్‌టీ అన్నది సెరోటోనిన్‌కే ఉన్న రసాయన నామపు పొట్టి రూపం, పక్కనున్న 3 గ్రాహక కుటుంబపు అంకె. ఒకే సెరోటోనిన్ అణువు పేగులో ఒక పని, మెదడులో ఇంకొక పని, రక్తనాళంలో వేరొక పని చేయడానికి కారణం అది వచ్చి తాకే గ్రాహకాలు వేరువేరుగా ఉండడమే. ఇవి ఏడు కుటుంబాలు, అన్నీ కలిపి 14 రకాల దాకా ఉన్నాయి. వాటిలో ఆరు కుటుంబాలవి కణం లోపలికి కబురు పంపి, ఆ కబురు మరొకరికి అంది, వారు ఇంకొకరిని కదిపితే గానీ పని జరగని రకం. 5-హెచ్‌టీ3 ఒక్కటే వాటితో కలవదు. అది తానే ఒక తలుపు. సెరోటోనిన్ తగలగానే తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూసుకుపోతుంది, నాడి అక్కడికక్కడే కబురు పంపుతుంది. ఇదంతా మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

ఆ తలుపులు దట్టంగా ఉండే చోట్లు రెండు. ఒకటి, మెదడునూ పొట్టనూ కలిపే వేగస్ అనే నాడికి పేగు గోడలో ఉన్న కొసలు. రెండు, మెదడు అడుగున వెన్నుపాముకు కలిసేచోట ఆ వేగస్ కొసలు వెళ్లి చేరే ప్రాంతమూ, దాని పక్కనే ఉన్న ఏరియా పోస్ట్రీమా అనే చిన్న ముద్దా. రక్తంలోని పదార్థాలు మెదడులోకి జొరబడకుండా ఆపే అడ్డుగోడ ఏరియా పోస్ట్రీమా దగ్గర పలచగా ఉంటుంది, కాబట్టి అది రక్తంలో విషం ఉందేమో రుచి చూసే నాలుకలాంటిది. సిస్‌ప్లాటిన్ ఎక్కగానే పేగులోని ఎంటరోక్రోమాఫిన్ కణాలు దెబ్బతిని దాచుకున్న సెరోటోనిన్‌ను గుప్పున వదిలేస్తాయి, అది పక్కనే ఉన్న వేగస్ కొసల మీది 5-హెచ్‌టీ3 తలుపులను తెరుస్తుంది, ఆ కబురు పైకి వెళ్లి వాంతి పుట్టిస్తుంది. పాడైన తిండి తిన్నప్పుడు దాన్ని బయటికి నెట్టడానికి శరీరం కట్టుకున్న ఏర్పాటే ఇది. పాపం, సెలైన్ సీసాలోంచి వచ్చినదాన్ని కక్కి పారేయలేమన్న సంగతి దానికి తెలియదు. ఒండాన్‌సెట్రాన్ ఆ తలుపు తాళం రంధ్రంలో తాను దూరి కూర్చుంటుంది. మొదటి రోజు అమ్మగారు పెరుగన్నం తినగలిగింది అందువల్లే.

ప్రయోగశాల పిల్లి

నాడీమండలం గారూ, చాలా బాగా చెప్పారు. అయాన్ చానెళ్ల మీద పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ తలుపు గురించి కొంచెం దగ్గరగా చెప్పకుండా ఉండలేను.

ఈ గ్రాహకం అయిదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడితే ఏర్పడుతుంది. పీపా పలకల్లా ఒకదానినొకటి ఆనుకుని నిలబడతాయి, మధ్యలో సన్నని గొట్టం మిగులుతుంది. సెరోటోనిన్ వచ్చి కూర్చునే గుంట ఏ ఒక్క పలకలోనూ ఉండదు, రెండు పలకలు కలిసే సందులో ఉంటుంది. అందుకే అది దూరగానే పలకల మధ్య పట్టు మారి, కింద పొరలో ఉన్న గొట్టం విచ్చుకుంటుంది. కండరాలను కదిలించే ఎసిటైల్‌కోలిన్ నికోటినిక్ గ్రాహకమూ, మెదడును శాంతపరచే గాబా-ఎ గ్రాహకమూ, గ్లైసిన్ గ్రాహకమూ ఇదే అచ్చులో పోతపోసినవి. అంటే పుట్టుక రీత్యా 5-హెచ్‌టీ3 మిగిలిన సెరోటోనిన్ గ్రాహకాలకు ఇంటిపేరు వరకే దాయాది, రక్తసంబంధం వేరే వంశంతో.

1991లో ఈ గ్రాహకపు మొదటి ముక్కను, అంటే 3ఎ ముక్కను, చుంచెలుక కణాల నుంచి వేరుచేసి దాని జన్యువును చదివారు. అప్పుడొక చిక్కు వచ్చింది. 3ఎ ముక్కలు అయిదింటినే కలిపి తలుపు కట్టిస్తే అది పనిచేస్తుంది గానీ, ఒక్కొక్క తలుపు గుండా పారే విద్యుత్తు అతి స్వల్పం, ఒక పికోసీమెన్స్‌కన్నా తక్కువ (విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచే ప్రమాణం ఇది). బతికి ఉన్న నాడుల్లో కొన్నిచోట్ల కొలిస్తే మాత్రం దానికి పదింతలకు మించి పారుతోంది. 1999లో 3బి అనే రెండో ముక్క దొరికింది, అది కలిస్తే సుమారు 16 పికోసీమెన్స్ వచ్చింది. తేడా ఎక్కడుందని వెతికితే, 2003లో జవాబు ఎవరూ చూడని చోట, కణం లోపలివైపు వేలాడే భాగంలో దొరికింది. 3ఎ ముక్కలో అక్కడ ఆర్జినిన్ అనే ధనావేశం గల అమైనో ఆమ్లాలు మూడు ఉన్నాయి. అయిదు ముక్కలు కలిస్తే పదిహేను. ధనావేశం గల సోడియం గొట్టం దాటి కణంలోకి దిగే గుమ్మం దగ్గర అవి పదిహేనుమంది కావలివాళ్లలా అడ్డం నిలుస్తున్నాయి. వాటిని మార్చి చూస్తే ప్రవాహం అమాంతం పెరిగింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ప్రయోగం ఇదే, అందుకే అడగకపోయినా చెప్పాను.

2014లో చుంచెలుక 5-హెచ్‌టీ3 నిర్మాణం 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) స్పష్టతతో ఎక్స్-రే ద్వారా బయటపడింది. 2018లో సెరోటోనిన్ అంటుకున్న స్థితిలో కూడా చూడగలిగారు. మరొక్క మాట: మనుషుల్లో 3సి, 3డి, 3ఇ అనే ముక్కలు కూడా ఉన్నాయి, చుంచెలుకల్లో, ఎలుకల్లో అవి లేవు. ఎలుకల మీద పరీక్షించి మనుషులకు అన్వయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అసలు ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు. అందుకే ఈ మందులను మొదట ఫెరెట్ అనే ముంగిసను పోలిన జంతువు మీద పరీక్షించారు.

రాత్రి డ్యూటీ

నేను కీమో వార్డులో నర్సును. కృష్ణవేణి తీరం గారూ, మీరు చెప్పిన కథ మాకు ప్రతి వారమూ వినిపిస్తుంది, కాబట్టి మీరేదో తప్పు చేశారని అనుకోవద్దు.

సిస్‌ప్లాటిన్ వాంతులు రెండు విడతలుగా వస్తాయి. మొదటి 24 గంటల్లో వచ్చేవి ఒకటి, ఆ తర్వాత అయిదో రోజు దాకా వచ్చేవి రెండోది. మొదటి విడత సెరోటోనిన్ పని. దానికి రుజువు మూత్రంలో కూడా దొరికింది: సెరోటోనిన్ విరిగి తయారయ్యే 5-హెచ్‌ఐఏఏ అనే పదార్థం సిస్‌ప్లాటిన్ ఇచ్చిన కొద్ది గంటల్లో మూత్రంలో పెరుగుతుంది, వాంతులూ అదే సమయంలో వస్తాయి. రెండో విడతలో ఆ పెరుగుదల కనిపించదు. అప్పటికి కథానాయకుడు మారిపోయి ఉంటాడు. మెదడు అడుగున సబ్‌స్టెన్స్ పి అనే మరొక పదార్థం ఎన్‌కే1 అనే వేరే గ్రాహకాన్ని తట్టడం అప్పుడు ముఖ్యమవుతుంది. మీరు మూడో రోజు ఒండాన్‌సెట్రాన్ వేయడమంటే, దొంగ దొడ్డిదారిన వస్తుంటే వీధి తలుపుకు రెండో తాళం వేయడమన్నమాట.

దీనికోసమే 2003లో అప్రెపిటెంట్ అనే ఎన్‌కే1 నిరోధక మందు వచ్చింది. సిస్‌ప్లాటిన్‌లాంటి గట్టి వాంతికారక మందులకు ఇప్పుడు ఒక్క ఒండాన్‌సెట్రాన్‌తో సరిపెట్టరు: 5-హెచ్‌టీ3 నిరోధకం, ఎన్‌కే1 నిరోధకం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, వీటితోపాటు ఒలాంజపిన్, ఇలా నాలుగు కలిపి ఇస్తారు. అమ్మగారి చీటీలో ఈ నాలుగింటిలో ఏవి ఉన్నాయో చూడండి, లేనిది ఎందుకు లేదో వచ్చే విడత కీమోకు ముందే డాక్టరుగారిని అడగండి. ఖర్చు వల్ల వదిలేశారా, షుగరు ఉందని డెక్సామెథాసోన్ తగ్గించారా, మరో కారణమా అన్నది వారే చెప్పాలి. మీరు సొంతంగా ఏదీ కలపవద్దు. ఒలాంజపిన్ పేరు గూగుల్‌లో వెతికి, అది మానసిక వ్యాధుల మందని చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. వాంతులకు ఇచ్చేది తక్కువ మోతాదు, అదీ కొద్ది రోజులే. మగతగా మాత్రం ఉంటుంది.

మూడో రోజు వాంతులతోపాటు మూత్రం తగ్గినా, మనిషి సోలిపోతున్నా ఫోనులో మాట్లాడి ఊరుకోకుండా నేరుగా తీసుకెళ్లండి. సిస్‌ప్లాటిన్‌కు మూత్రపిండాలంటే అసలే పడదు, ఒంట్లో నీరు తగ్గితే ఇంకా ప్రమాదం.

ఘాట్‌రోడ్డు

నాదొక చిన్న ప్రశ్న. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినా, అరకు బస్సు ఎక్కినా నాకు మూడో మలుపులోనే కడుపులో తిప్పడం మొదలవుతుంది. మందుల షాపులో ఒండాన్‌సెట్రాన్ ఇస్తే వేసుకుని ఎక్కాను. ఏమీ తేడా లేదు, కిటికీ పక్కవారికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వాంతి వాంతే కదా, ఒకచోట పనిచేసిన మందు ఇంకొకచోట ఎందుకు పనిచేయదు?

నాడీమండలం

ప్రశ్న చిన్నదేమీ కాదండీ, నేను పరీక్షలో అడిగే ప్రశ్న. వాంతి ఒకటే అయినా అక్కడికి చేరే దారులు అనేకం. ఘాట్ రోడ్డు మీద పేగులో ఏ కణమూ దెబ్బతినలేదు, సెరోటోనిన్ గుప్పున వెలువడనూ లేదు. అక్కడ గొడవంతా లోపలి చెవిలో. చెవిలోని సమతౌల్య అవయవం ‘తిరుగుతున్నాం’ అంటుంటే, ముందు సీటు వీపును చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఆ తగవు మెదడుకు చేరే దారిలో ప్రధానంగా హిస్టమిన్ హెచ్1 గ్రాహకాలూ, ఎసిటైల్‌కోలిన్ మస్కరినిక్ గ్రాహకాలూ ఉంటాయి. 5-హెచ్‌టీ3కి అక్కడ పెద్దగా పనిలేదు. కాబట్టి ప్రయాణపు వాంతికి మెక్లిజిన్, ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్‌లాంటి హిస్టమిన్ నిరోధకాలో, మస్కరినిక్ గ్రాహకాన్ని మూసే హయోసినో పనిచేస్తాయి. అవి కూడా బయలుదేరడానికి ముందు వేసుకుంటేనే. ముందు సీటులో కూర్చుని దూరంగా కొండ అంచును చూడమని పెద్దలు చెప్పేది కన్నుకూ చెవికీ రాజీ కుదర్చడమే.

ఒక మందు ఎక్కడ పనిచేయదో చూస్తే దాని గ్రాహకానికి ఎక్కడ పనిలేదో తెలుస్తుంది. మీ బస్సూ, కృష్ణవేణి తీరం గారి మూడో రోజూ రెండూ అదే చెప్తున్నాయి.

పల్లె డాక్టరు

మండల కేంద్రంలో నలభై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గర ఈ మందు ఎక్కువగా వెళ్లేది కీమోకు కాదు, వాంతులూ విరేచనాలతో వచ్చే చిన్నపిల్లలకు. రోటావైరస్‌లాంటివి పేగు పొరలో చేరినప్పుడు కూడా ఎంటరోక్రోమాఫిన్ కణాల నుంచి సెరోటోనిన్ వెలువడి ఇదే వేగస్ దారిన వాంతి పుడుతుంది.

షికాగోలో ఆరు నెలల నుంచి పదేళ్ల వయసున్న 215 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఒకటి 2006లో వెలువడింది. ఓఆర్ఎస్ పట్టేటప్పుడు వాంతి చేసుకున్నవారు ఒండాన్‌సెట్రాన్ ఒక్క మోతాదు తీసుకున్నవారిలో 14 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 35 శాతం. సెలైన్ పెట్టవలసిన అవసరమూ సగానికి తగ్గింది. అయితే మందు తీసుకున్న పిల్లలకు విరేచనాలు కొంచెం ఎక్కువయ్యాయి. ఇక్కడ నేను నొక్కి చెప్పదలచింది ‘ఒక్క మోతాదు’ అన్న మాట. ఈ మందు పని ఓఆర్ఎస్ కడుపులో నిలిచేలా చేయడం, అంతే. బిడ్డను కాపాడేది ఓఆర్ఎస్. సీసా నిండా సిరప్ కొని, ఓఆర్ఎస్ పొట్లం విప్పకుండా, పూటకోసారి సిరప్ పోసుకుంటూ వచ్చి మూడో రోజు కళ్లు లోపలికి పోయిన బిడ్డను నా బల్ల మీద పడుకోబెట్టిన తల్లిదండ్రులను చూశాను. వాళ్లను తప్పుపట్టను, ఆ సీసా ఇచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆ ముక్క చెప్పి ఉండవలసింది.

ఇంకొకటి, గుండె సంగతి. ఒండాన్‌సెట్రాన్ ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని పెంచుతుంది. అది శ్రుతి మించితే గుండె లయ తప్పుతుంది. అందుకే 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నరంలోకి ఒకేసారి 32 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతిని మాన్పించి, ఒక్క విడతకు 16 మిల్లీగ్రాములు మించవద్దని చెప్పింది. ఆరోగ్యవంతుడికి ఒక మాత్రతో భయం లేదు. పుట్టుకతో క్యూటీ ఎక్కువగా ఉన్నవారికి, వాంతులతో పొటాషియం పడిపోయినవారికి, క్యూటీని పెంచే ఇతర మందులు వాడేవారికి ఆలోచించి ఇవ్వాలి.

సొంఠి కొమ్ము

పెద్దలు మన్నించాలి, నా పేరు చూసి నవ్వవద్దు. మా నాయనమ్మ కడుపులో తిప్పితే సొంఠి అరగదీసి బెల్లంతో ఇచ్చేది. అల్లం కూడా ఈ 5-హెచ్‌టీ3 మీదే పనిచేస్తుందని ఎక్కడో చదివాను. అది నిజమైతే అన్ని వందల రూపాయల ఇంజెక్షన్లు ఎందుకు?

ఇంకో సందేహం కూడా. సెరోటోనిన్‌ను అడ్డుకుంటే మనసు కుంగిపోదా?

ప్రయోగశాల పిల్లి

నాయనమ్మగారి మాటలో కొంత నిజముంది. అల్లంలోని జింజెరాల్‌లూ, సొంఠిలో ఎక్కువయ్యే షొగవోల్‌లూ ప్రయోగశాలలో 5-హెచ్‌టీ3 గుండా పారే విద్యుత్తును తగ్గిస్తాయి. అయితే సెరోటోనిన్ కూర్చునే గుంటలో కాక గ్రాహకం మీద వేరేచోట పట్టుకుని. కానీ గాజు పళ్లెంలో కణాల మీద పోసే గాఢత వేరు, అరగదీసిన సొంఠి కడుపులోంచి రక్తంలోకి చేరే గాఢత వేరు. ఒండాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్‌లు నానోమోలార్ స్థాయిలోనే, అంటే అతి స్వల్ప గాఢతలోనే, గ్రాహకాన్ని పట్టేస్తాయి, అల్లం పదార్థాలకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. గర్భిణుల వేవిళ్లలాంటి తేలికపాటి వికారానికి అల్లం కొంత సాయపడుతుందని పరీక్షల్లో కనిపించింది. సిస్‌ప్లాటిన్ ముందు దాన్నొక్కదాన్నీ నిలబెట్టడం మాత్రం తుఫానుకు గొడుగు పట్టడమే. కీమో నడుస్తున్నవారు సొంఠి పొడిని కూడా డాక్టరుకు చెప్పి వాడాలి.

రెండో సందేహానికి: కుంగదండీ. పేగులోని సెరోటోనిన్‌కు మెదడులోకి వెళ్లడం సాధ్యం కాదు, మెదడు తన సెరోటోనిన్‌ను తానే తయారుచేసుకుంటుంది. ఒండాన్‌సెట్రాన్ ఆ సెరోటోనిన్‌ను తగ్గించదు, పద్నాలుగు రకాల గ్రాహకాల్లో ఒకదాన్ని మాత్రమే మూస్తుంది. కుంగుబాటుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు మొదలుపెట్టిన మొదటి వారాల్లో చాలామందికి వికారం వస్తుంది. ఆ మందులు సెరోటోనిన్‌ను నాడీ సందుల్లో ఎక్కువసేపు నిలుపుతాయి, అది 5-హెచ్‌టీ3ని కూడా తడుతుంది. మిర్టాజపిన్ అనే మరో కుంగుబాటు మందు 5-హెచ్‌టీ3ని మూస్తుంది కాబట్టి దానితో వికారం అరుదు. అంటే ఈ గ్రాహకాన్ని మూసే గుణం కుంగుబాటును తగ్గించే ఒక మందులో కూడా ఉంది.

మాత్రల మూర్తి

హైదరాబాదు ఔషధ పరిశ్రమలో మూడు దశాబ్దాలు రసాయనికుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ గ్రాహకం దొరికిన దారి అందరూ తెలుసుకోదగ్గది, ఎందుకంటే దీనికి పేరు పెట్టింది మొదట ఒక తప్పు ఆధారంతో.

1957లో ఎడిన్‌బరోలో గ్యాడమ్, పికరెల్లి అనే ఇద్దరు గినీ పంది చిన్నపేగు ముక్కను ఉప్పునీటి తొట్టెలో వేలాడదీసి, దాని మీద సెరోటోనిన్ పోశారు. పేగు ముడుచుకుంది. డైబెంజిలిన్ అనే మందు పోస్తే ఆ ముడుచుకోవడం కొంత తగ్గింది, మార్ఫిన్ పోస్తే మిగిలిన కొంత తగ్గింది. అంటే గ్రాహకాలు రెండు రకాలని గ్రహించి, ఆ మందుల మొదటి అక్షరాలతో ‘డి’, ‘ఎం’ అన్నారు. డి కండరం మీద ఉండేది, ఎం కండరాన్ని నడిపే నాడి మీద ఉండేది. నిజానికి మార్ఫిన్ ఈ ఎం గ్రాహకాన్ని తాకనే తాకదు. నాడి నుంచి ఎసిటైల్‌కోలిన్ వెలువడకుండా ఆపుతుంది, అంతే. పేరుకు ఆధారం తప్పు, లెక్క మాత్రం ఒప్పు. 1986లో వర్గీకరణను తిరగరాసినప్పుడు ఆ ‘ఎం’ గ్రాహకమే 5-హెచ్‌టీ3 అయింది.

ఇక వాంతి వైపు నుంచి వచ్చిన దారి వేరు. 1981లో మెటోక్లోప్రమైడ్‌ను మామూలుకన్నా ఎన్నో రెట్లు పెంచి ఇస్తే సిస్‌ప్లాటిన్ వాంతులు తగ్గుతాయని తేలింది. అది డోపమిన్ గ్రాహకాన్ని మూసే మందు కాబట్టి అందరూ ఆ ఖాతాలోనే వేశారు. అయితే డోపమిన్‌ను అంతకన్నా గట్టిగా మూసే మందులు సిస్‌ప్లాటిన్ ముందు తేలిపోయాయి. అసలు కారణం వేరే ఉండాలని వెతికితే, పెద్ద మోతాదులో మెటోక్లోప్రమైడ్ 5-హెచ్‌టీ3ని కూడా బలహీనంగా మూస్తుందని తెలిసింది. మరి ఆ ఒక్క పనే చేసే మందు ఉంటే? 1986లో ఫెరెట్‌ల మీద అలాంటి మందును పరీక్షించారు, సిస్‌ప్లాటిన్ ఇచ్చినా వాంతులు ఆగిపోయాయి. గ్లాక్సో తయారుచేసిన ఒండాన్‌సెట్రాన్‌కు 1991 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు సిస్‌ప్లాటిన్ వాంతులు భరించలేక మధ్యలోనే చికిత్స మానేసిన రోగులుండేవారు. పేటెంటు ముగిశాక 2006 డిసెంబరులో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ అమెరికాలో దాని జనరిక్ మాత్రలను విడుదల చేసింది.

ఈ కుటుంబంలో చేదు జ్ఞాపకం కూడా ఒకటుంది. పేగులోని 5-హెచ్‌టీ3ని మూస్తే కదలిక మందగిస్తుంది కదా, ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వచ్చేది అందుకే. ఆ గుణాన్నే వాడుకుని, విరేచనాలు ప్రధానంగా ఉండే ఐబీఎస్ అనే పేగు రుగ్మతకు అలోసెట్రాన్ అనే మందును 2000 ఫిబ్రవరిలో విడుదల చేశారు. పెద్దపేగుకు రక్తం అందక దెబ్బతినడం, తీవ్రమైన మలబద్ధకం బయటపడి అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ మందుతో మేలు పొందిన రోగులే దాన్ని తిరిగి ఇవ్వమని పట్టుబట్టడంతో 2002లో కఠినమైన షరతులతో మళ్లీ వచ్చింది.

నాడీమండలం

మూర్తి గారి గినీ పంది పేగుకు తోడు ఇంకొక పాత ప్రయోగం చెప్తాను. కాంథరిడిన్ అనే మందు పూస్తే చర్మం మీద నీటిబొబ్బ లేస్తుంది. 1950లలో లండన్‌లో కీల్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ బొబ్బ పైపొరను కత్తిరించి, కింద పచ్చిగా ఉన్న చర్మం మీద రకరకాల పదార్థాలు చుక్కలుగా వేసి, ఎంత నొప్పి పుడుతోందో మనుషులచేతనే చెప్పించారు. సెరోటోనిన్ చుక్క భగ్గున మండించింది. అది కూడా 5-హెచ్‌టీ3 పనేనని 1980లలో, ఆ గ్రాహకాన్ని మూసే మందు కలిపి చూసినప్పుడు తెలిసింది. కందిరీగ విషంలో సెరోటోనిన్ ఉండడం ఊరికే కాదు.

కృష్ణవేణి తీరం

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి డ్యూటీ గారు చెప్పినట్టు చీటీ తీసి చూశాను: ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్ మాత్రమే ఉన్నాయి. నిన్న రెండో విడత కీమోకు ముందు డాక్టరుగారిని నేరుగా అడిగాను. ‘మూడో రోజు వాంతులు’ అన్న మాట వినగానే ఆయన మొదటిసారి తలెత్తి చూసి, ఎన్ని సార్లు, ఎన్ని గంటలకు అని వరుసగా అడిగారు. ఈసారి అప్రెపిటెంట్ మూడు రోజుల గుళికలూ, రాత్రిపూట చిన్న మోతాదు ఒలాంజపిన్ చేర్చారు. ఒండాన్‌సెట్రాన్ బదులు పాలోనోసెట్రాన్ ఒక్క ఇంజెక్షన్ ఇచ్చారు. ఇది దానికంటే ఎలా వేరు?

మాత్రలు మింగలేకపోతే వాడమని నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్రలు కూడా ఇంట్లో పెట్టుకున్నాను. నోట్లోనే కరుగుతుంది కాబట్టి కక్కినా మందు పోదనే అనుకుంటున్నాను, సరేనా?

ప్రయోగశాల పిల్లి

పాలోనోసెట్రాన్ కూడా అదే గ్రాహకాన్ని మూస్తుంది, కానీ మరింత గట్టిగా పట్టుకుంటుంది, ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 40 గంటలు తీసుకుంటుంది; ఒండాన్‌సెట్రాన్‌కు మూడు నుంచి ఆరు గంటలు చాలు. పైగా అది పట్టుకున్న గ్రాహకాన్ని కణం లోపలికి లాగేసుకుంటుందని కణాల మీద చేసిన ప్రయోగాలు చెప్తున్నాయి. రెండో విడత వాంతుల మీద కూడా దానికి కొంత పట్టు ఉండడానికి ఇదొక కారణం కావచ్చు.

రాత్రి డ్యూటీ

చీటీ చూసి అడిగినందుకు సంతోషం. పాలోనోసెట్రాన్ ఇచ్చిన తర్వాత ఒండాన్‌సెట్రాన్ మాత్రలు ఎప్పటి నుంచి వేయాలో, అసలు వేయాలో వద్దో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆ గ్రాహకం ఇప్పటికే మూసి ఉంది కాబట్టి మధ్యలో వికారం వస్తే సాధారణంగా వేరే రకం మందు చెప్తారు.

కరిగే మాత్ర గురించి మీరనుకున్నది సరికాదు. అది నోట్లో కరుగుతుందే గానీ నోటి నుంచి రక్తంలోకి పోదు. లాలాజలంతో మింగాక మామూలు మాత్రలాగే పేగు నుంచే ఎక్కాలి, దానికి సమయం పడుతుంది. కాబట్టి వేసిన వెంటనే వాంతి అయితే మందు పోయినట్టే. పల్లె డాక్టరు గారు చెప్పిన పిల్లల పరీక్షలో కూడా మందు వేసిన పావుగంటలోపు కక్కితేనే మరో మోతాదు ఇచ్చారు. మీరు మాత్రం రెండోది వేసేముందు వార్డుకు ఫోను చేయండి. అట్టలోంచి తీసేటప్పుడు మాత్రను వెనక నుంచి నొక్కవద్దు, పొడి అయిపోతుంది. పైనున్న రేకును చివర పట్టుకుని ఒలిచి, తడిలేని వేలితో తీసి నాలుక మీద పెట్టండి.